పార్సిల్ తిన్నవాళ్ల ర్యాంకులు

హోటళ్లకు ర్యాంకులిచ్చే హక్కు హోటల్లో కూర్చుని తిన్నవాళ్లకే ఉంటుందని మా నాయన వాదన. నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఇవాళ మా ఇంట్లో పిల్లలు అట్టడబ్బాలో వచ్చిన పిజ్జా తిని, ఫలానా కంపెనీది ఫస్టు, ఫలానాది సెకండు, మూడోదాని జోలికే పోవద్దు అని తీర్పులు చెబుతుంటారు. వాళ్లలో ఒక్కరూ ఆ పిజ్జా దుకాణాల గడప తొక్కినవాళ్లు కారు. అయినా వాళ్లను నోరు మూసుకోమని ఎవరూ అనరు. మమ్మల్ని అన్నారు. డెబ్బైల్లో, ఎనభైల్లో మేము తిన్నదీ పార్సిలే, ఇచ్చినవీ ర్యాంకులే. అందుకు నేను ఎవరికీ సంజాయిషీ చెప్పుకోను.

మా నాయన ఆళ్లగడ్డలో మిషన్ బడి టీచరు. చర్చి కాంపౌండులో టీచర్లకు వరసగా కట్టిన చిన్న ఇళ్లలో మాదొకటి. ఆ రోజుల్లో ఒక శెట్టిగారి కుటుంబంలో అన్నదమ్ములు మూడు హోటళ్లు నడిపేవాళ్లు. మూడింటికీ ఒకే పేరు, ఒకే రంగు బోర్డు. అసలు హోటలు నంద్యాల బస్టాండు ఎదురుగా, రెండోది నంద్యాలలోనే రైల్వే స్టేషను దారిలో, మూడోది మా ఆళ్లగడ్డలో. మూడోదాన్ని అందరూ 'బ్రాంచి' అనేవాళ్లు. ఆ మాటలోనే చిన్నచూపు ఉండేది. ఏదో పెద్ద చెట్టుకు మొలిచిన పిలక అన్నట్టు.

ఆదివారం ఆరాధన అయిపోయాక మగవాళ్లంతా చర్చి వరండాలో నిలబడి ఈ మూడు హోటళ్ల మీద పంచాయతీ పెట్టేవాళ్లు. పాస్టరుగారి ప్రసంగం గురించి ఒక్క ముక్క ఉండేది కాదు. మా నాయన పరీక్ష పేపర్లు దిద్దినట్టే దిద్దేవాడు. దోశకు వేరే మార్కులు, చట్నీకి వేరే, సాంబారుకు వేరే, కాఫీకి వేరే. ఆయన లెక్కలో బస్టాండు హోటలుకు ఎప్పుడూ ఫస్టు ర్యాంకే. దోశ అంచు పలుచగా, ఎర్రగా కాలి, విరిస్తే చప్పుడొస్తుందట. స్టేషను హోటల్లో కాఫీ బాగుంటుంది గానీ, రైలుకు పోయేవాళ్లను తొందరపెట్టి లేపుతారు కాబట్టి సెకండు. ఆళ్లగడ్డ బ్రాంచి థర్డు. దోశ మందంగా ఉంటుందనీ, సాంబారులో పప్పు కంటే నీళ్లెక్కువనీ, ఉగ్గాని ఒకటే పరవాలేదనీ ఆయన తీర్పు. మిగతా టీచర్లు ఒకటీ అరా మార్కు అటూ ఇటూ చేసేవాళ్లు గానీ, ఫస్టు ర్యాంకును మాత్రం ఎవరూ కదిలించలేదు.

ఇక మా ర్యాంకులు. మా అంటే కాంపౌండులో ఆడవాళ్లవి, పిల్లలవి. మేము హోటల్లో కూర్చునేవాళ్లం కాదు. ఏ ఇంట్లోనూ ఆడవాళ్లు కూర్చునేవాళ్లు కాదు. మగవాళ్లు పనిమీద నంద్యాల పోతే, ఒళ్లు బాగుంటే, ఇల్లు గుర్తుకొస్తే పార్సిల్ కట్టించుకొచ్చేవాళ్లు. విస్తరాకులో దోశ, దాని మీద పాత పేపరు, దాని మీద దారం. చట్నీ వేరే ఆకుపొట్లంలో. అది బస్సులో ఎవరి ఒళ్లోనో, ఎవరి మూట కిందనో నలిగి ఆళ్లగడ్డ చేరేసరికి చట్నీ కారి పేపరు తడిసి, దోశ మీద అక్షరాల మసి అంటుకునేది. మసాలా దోశైతే ఇంకా అన్యాయం. లోపలి ఆలుగడ్డ కూర చెమ్మకు దోశ మెత్తబడి తడిబట్టలా చేతికి వచ్చేది. దాన్ని చింపి అందరికీ పంచేది మా అమ్మ. పిల్లలకు అంచులు, తనకు మడత దగ్గరి ముద్ద.

ఆ లెక్కన మాకు ఫస్టు ఆళ్లగడ్డ బ్రాంచే. దగ్గర కాబట్టి పొట్లం ఇంకా వెచ్చగా ఉండగానే ఇంటికి చేరేది. మందం దోశ కాబట్టి మెత్తబడినా చిరగదు. ఉగ్గాని సంగతి చెప్పక్కరలేదు. నానబెట్టి పిండిన బొరుగులకు పసుపు, పచ్చిమిరపకాయ, ఉల్లిగడ్డ తిరగమోత పెట్టి, పైన పుట్నాల పొడి చల్లితే అది చల్లారినా రుచి పోదు. అందులోకి నంజుకునే బజ్జీ మెత్తబడుతుంది, నిజమే. పోనీ, మెత్తబడిన మిరపకాయ బజ్జీని ఉగ్గానిలో పిసికి కలుపుకుని తిన్నవాళ్లకే దాని సుఖం తెలుస్తుంది. స్టేషను హోటలు మాకు లాస్టు. అక్కడ పొట్లం సరిగ్గా కట్టరు. బస్టాండు హోటలు సెకండు. ఇంత లెక్క ఉంది మా దగ్గర. కూర్చుని తిన్నవాళ్లకంటే మేమేం తక్కువ లెక్క వేశాం?

పదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం నేను ఈ మాట చర్చి వరండాలోనే, మగవాళ్లందరి ముందరే అనేశాను. మాకు ఫస్టు ఆళ్లగడ్డదే అన్నాను. అందరూ నవ్వారు. పార్సిల్ తిని మార్కులేసేది ఏందని మా నాయన కూడా నవ్వాడు. "అయితే తీస్కపో నాయనా, ఆడ కూర్చోబెట్టు, అప్పుడు చెప్తాం," అన్నాను. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. నాయన బైబిలు చంకలో పెట్టుకుని ఇంటివైపు నడిచాడు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

నాయనను చెడ్డవాడిని చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ హోటలంటే ఆయనకు ఎందుకంత ఇష్టమో ఆయనే చాలాసార్లు చెప్పాడు. ఆయన పుట్టింది గోస్పాడు దిక్కున ఒక పల్లెలో. అక్కడ టీ కొట్లో మావాళ్లకు వేరే గ్లాసులు. కొట్టు బయట గుంజకు తగిలించి ఉండేవి. తాగి, కడిగి, మళ్లీ అక్కడే తగిలించి రావాలి. టీచరు ట్రైనింగుకు నంద్యాల వచ్చినప్పుడు మొదటిసారి బస్టాండు హోటల్లోకి పోయాడట. ఎవడేమంటాడో అని బెదురుతూ గోడ పక్కన కూర్చున్నాడట. సప్లయరు వచ్చి టేబులు తుడిచి, "ఏం కావాల సార్?" అన్నాడట. అందరికీ తెచ్చిన ప్లేటే, అందరికీ ఇచ్చిన గ్లాసే. 'సార్ అన్యాడు మే, నన్ను' అని ఎన్నిసార్లు చెప్పాడో. అంటే ఆయన వేసిన మార్కులు దోశకు కాదు, ఆ సార్ అన్న మాటకు. అందులో నేను ఒక్క మార్కు కూడా తగ్గించను. ఆయనకు ఆ కుర్చీ ఊరికే రాలేదు.

కానీ అంత కష్టపడి దొరికిన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ ఉందని ఆయనకు ఎందుకు కనబడలేదు? నాకు కండ్లద్దాల కోసం ఒకసారి నంద్యాల తీసుకుపోయాడు. అమ్మ కూడా వచ్చింది. పని అయిపోయి బస్టాండుకు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. మమ్మల్నిద్దరినీ బస్టాండు బల్ల మీద కూర్చోబెట్టి, ఈడనే ఉండండి అని చెప్పి, రోడ్డు దాటి ఎదురుగా ఉన్న హోటల్లోకి పోయాడు. కొత్త అద్దాలు పెట్టుకున్న నాకు అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. నాయన గోడ పక్కన కూర్చోవడం, ప్లేటు రావడం, విరవడం, నంజుకోవడం. తిని, కాఫీ తాగి, మీసం తుడుచుకుంటూ రెండు పొట్లాలతో రోడ్డు దాటి వచ్చాడు. ఎదురుగా ఉన్న హోటలు నుంచి పార్సిల్! బస్సు పొగలో, ఈగలను తోలుకుంటూ, బల్ల మీద ఆకు విప్పుకుని తిన్నాం. ఎందుకు తీసుకుపోలేదని అడిగితే, హాల్లో ఆడవాళ్లు కూర్చోరన్నాడు. లోపల తెర కట్టిన ఫ్యామిలీ రూము ఉంది గదా అంటే, అది పెద్దపెద్దోళ్లకని మాట దాటేశాడు. అమ్మ మాత్రం చట్నీ అంటిన వేళ్లు బస్టాండు కుళాయి దగ్గర కడుక్కుంటూ చాలాసేపు ఆ హోటలు వైపే చూసింది.

అమ్మ సంగతి ఇప్పుడు చెప్పాలి. అమ్మ దోశలకు కాంపౌండులో పేరుండేది. వారానికి రెండుసార్లయినా పోసేది. రుబ్బురోలు ముందు కూర్చుంటే చేతికి అలుపు తెలిసేది కాదు. నాయన తిన్న ప్రతిసారీ ఒకే మాట అనేవాడు. "బాగుంది గానీ మే, హోటలు దోశ హోటలు దోశే." తిట్టినట్టు కూడా కాదు, ప్రేమగానే అనేవాడు. అదే మంట. తిడితే ఎదురు తిరగొచ్చు. ఆ మాట పట్టుకుని అమ్మ ఏమేం చేసిందో నేను చూశాను. ఒకసారి పిండిలో అటుకులు వేసింది, ఒకసారి మెంతులు పెంచింది, ఒకసారి శెనగపప్పు. సగం కోసిన ఉల్లిగడ్డతో పెనం రుద్దితే అంచు లేస్తుందని ఎవరో చెబితే అదీ చేసింది. అంచు లేచింది, రంగు తిరిగింది, చప్పుడు కూడా వచ్చింది. నాయన విరిచి, నమిలి, బాగుంది గానీ అన్నాడు.

ఆ 'గానీ' మా అమ్మను ఎన్నేండ్లు తిన్నదో. ఒకరోజు రుబ్బుతూ రుబ్బుతూ చెయ్యాపి నాతో అంది, "ఆ దోశ ఒక్కతూరి వేడిగా తినాల మే. తింటే తెలుస్తాది, నాది యాడ తక్కువైతాందో." నగలు కావాలని గానీ, చీరె కావాలని గానీ అమ్మ నన్ను ఎప్పుడూ అడగలేదు. అడిగిందల్లా ఇదొక్కటే.

ఎనభైల్లో నాకు నంద్యాలలోనే ఒక బళ్లో ఉద్యోగం వచ్చింది. నాలాంటి టీచర్లు ఇంకో ఇద్దరితో కలిసి గది తీసుకున్నాను. ఒక శనివారం అమ్మ నన్ను చూడ్డానికి వచ్చింది. బడి ఒంటిపూటే కాబట్టి సాయంత్రం బస్సుకు ఇద్దరం కలిసి ఆళ్లగడ్డ పోదామనుకున్నాం. బస్టాండుకు వచ్చాక నేను ప్లాట్‌ఫారం వైపు తిరగలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను. యాడికి అని అడగలేదు అమ్మ. అర్థమైపోయింది. గడప దగ్గర మాత్రం ఆగి, కొంగు భుజం నిండా కప్పుకుని, మీ నాయనకు తెలిస్తే అంది. తెలవనీ అన్నాను.

హాలు నిండా మగవాళ్లే. ఫ్యాను కింద, వీధి కనబడే టేబులు ఖాళీగా ఉంటే అక్కడే కూర్చున్నాం. సప్లయరు వచ్చాడు గానీ టేబులు తుడవలేదు. ఫ్యామిలీ రూము లోపలుందనీ, మగవాళ్లు వచ్చాక చెబితే తెర తీస్తాననీ అన్నాడు. మగవాళ్లు ఎవరూ రారు, రెండు దోశలు తెమ్మన్నాను. వాడు నన్నూ అమ్మనూ మార్చి మార్చి చూసి, గల్లా దగ్గరికి పోయాడు. పక్క టేబుల్లో ఒకాయన కాఫీ గ్లాసు నోటి దగ్గరే ఆపి మమ్మల్ని చూస్తున్నాడు. ఏం చూస్తాండావ్, తాగు అని నోటిదాకా వచ్చింది నాకు. మింగాను.

గల్లా దగ్గర ఉన్నది అన్నదమ్ముల్లో పెద్దాయన. లేచి మా దగ్గరికే వచ్చాడు. మనిషి మర్యాదస్తుడే. కసురుకోలేదు. ఇది బేరం టైమనీ, హాల్లో మాకే ఇబ్బందిగా ఉంటుందనీ మెత్తగా చెప్పి, "పార్సిల్ కట్టిస్తానమ్మా, బస్సులో కూర్చుని తినొచ్చు," అన్నాడు.

పార్సిల్ అన్న మాట వినగానే నాకు నెత్తి మండిపోయింది. ఆ మాట కాకుండా ఇంకేమన్నా బాగుండేది. నేను లేచి నోరు తెరిచేలోపల అమ్మ మాట్లాడింది. గొంతు పెంచలేదు. చర్చిలో వాక్యం చదివేటప్పుడు కూడా వణికే గొంతు అది, అప్పుడు వణకలేదు.

"పార్సిల్ వద్దప్పా. పెండ్లయినప్పట్నుంచి మీ పార్సిలే తింటాండా. మీ దోశ వేడిగా ఉంటే ఎట్లుంటాదో చూద్దామని వచ్చిన్యా. పెడితే తిని పోతా. పెట్టకపోతే ఈడనే కూర్చుంటా."

ఆయన అమ్మ ముఖంలోకి కాసేపు చూశాడు. ఏమనుకున్నాడో నాకు తెలీదు. జాలిపడ్డాడో, గొడవెందుకు అనుకున్నాడో. వెనక్కి తిరిగి సప్లయరుతో రెండు దోశలని చెప్పి, పోయి గల్లా దగ్గర కూర్చున్నాడు. సప్లయరు అప్పుడు వచ్చి టేబులు తుడిచాడు.

దోశ వచ్చింది. పొగలు కక్కుతోంది. నాయన చెప్పినట్టే అంచు పలుచగా, ఎర్రగా ఉంది. విరిస్తే నిజంగానే చప్పుడయింది. అందులో నాయన అబద్ధమేమీ చెప్పలేదు. అమ్మ తొందరపడలేదు. ముందు ఉత్త దోశ, తర్వాత చట్నీతో, తర్వాత సాంబారులో ముంచి. నడుమ మడత దగ్గరికి వచ్చి అక్కడ కాస్త ఆగింది. నాకు నా ప్లేటు మీద ధ్యాసే లేదు. అమ్మ ముఖమే చూస్తున్నాను. ఆ ముఖంలో నేను ఇదేనా అన్న చప్పరింపు కోసం వెతుకుతున్నాను. ఉన్నమాట చెప్పాలంటే, ఆ దోశ పనికిరానిది అయితే బాగుండునని దేవుడిని కూడా అడిగాను.

ఎట్లుందిమా అన్నాను. బాగుంది అంది. చాలా బాగుంది అంది. నాకు ప్రాణం ఉసూరుమంది. అయినా వదల్లేదు. నీ దోశ కంటేనా అని అడిగాను.

అమ్మ నమలడం ఆపింది. కాసేపు ప్లేటు వైపు చూసి, ఏదో లెక్క తప్పినదానిలా నావైపు తిరిగింది.

"ఏమో మే. నాది నేను వేడిగా యాడ తిన్న్యా?"

నిజమే. కట్టెలు దండగైపోతాయని పొయ్యి మండుతుండగానే పిండంతా పోసేసేది. మొదటివి నాయనకు, బడికి టైమవుతుంది కాబట్టి. తర్వాతవి మాకు. పెనం దించి, పొయ్యి ఆర్పి, మా గిన్నెలు తీసి, నాయనకు చొక్కా అందించి, అందరం గడప దాటాక గంపలో అడుగున మిగిలినవి తినేది. హోటలుదీ చల్లారిందే, తనదీ చల్లారిందే. ఊరంతా మెచ్చిన దోశ పోసిన మనిషి దాని రుచి ఎట్లుంటుందో తెలియకుండానే 'గానీ' అన్న మాటను నమ్మింది. నాకు కడుపు మండింది. నాయన మీద మండింది, మా ఇంటి మీద మండింది, పొయ్యి ముందు కూర్చున్న మనిషి ఆఖర్న తినాలని చెప్పిన ప్రతి నోటి మీదా మండింది. అమ్మకు మాత్రం కోపం వచ్చినట్టు లేదు. ఆలోచిస్తూ దోశంతా తినేసి, కాఫీ కూడా అడిగి తాగింది. బస్సులో ఆళ్లగడ్డదాకా కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఇంటికి పోగానే బియ్యం, మినప్పప్పు నానేసింది.

మరునాడు ఆదివారం. తెల్లచొక్కా వేసుకుని, చర్చికి పోయే ముందు తినడానికి నాయన పీట మీద కూర్చున్నాడు. ముఖం ముడుచుకునే ఉంది. మాకంటే ముందు బస్సులో వచ్చిన ఎవరో అప్పటికే చెప్పేశారు. "హాల్లో కూర్చుంటిరంట," అన్నాడు. అంతమంది మగవాళ్ల నడుమ, పరువేం కావాలని కాసేపు గొణిగాడు. నేను జవాబుకు సిద్ధంగా ఉన్నాను. నువ్వు కూర్చున్న చోటే కూర్చున్నాం, నిన్ను గుంజ దగ్గర నిలబెట్టినోళ్లకూ నీకూ తేడా ఏముందని అడుగుదామనుకున్నాను. అమ్మ నావైపు తిరిగి వద్దన్నట్టు చూసింది.

పెనం కాలింది. అమ్మ ఉల్లిగడ్డతో రుద్ది, మొదటి దోశ పోసింది. నూనె చుట్టూ పోసి, అంచు లేచి ఎర్రబడేదాకా ఆగింది. నాయన అలవాటుగా ప్లేటు ముందుకు పెట్టాడు. అమ్మ దోశ తీసి ఇంకో ప్లేటులో వేసుకుంది. చట్నీ వేసుకుంది. పొయ్యి పక్కనే పీట లాక్కుని కూర్చుని, అంచు విరిచింది. చప్పుడయింది.

"మే, ప్లేటు ఈడుంది," అన్నాడు నాయన. పొరపాటున వేసుకుందనుకున్నట్టున్నాడు.

అమ్మ తలెత్తలేదు. నిన్న హోటల్లో తిన్నట్టే తింటోంది. ముందు ఉత్త దోశ. తర్వాత చట్నీతో. నడుమ మడత దగ్గర కాస్త ఆగి, మళ్లీ తింది. పొయ్యిలో కట్టె ఎగదోయడానికి కూడా లేవలేదు. నాయన ప్లేటు అట్లాగే చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. చర్చిలో మొదటి గంట కొట్టారు. ఎవ్వరం కదల్లేదు. ఆఖరి ముక్కతో ప్లేటు తుడిచి నోట్లో పెట్టుకుని, నమిలి మింగాక అప్పుడు ఆయన వైపు తిరిగింది.

"నాదే ఫస్టు," అంది. "నంద్యాలది సెకండు."

నాయన నోరు తెరిచాడు. ఏ 'గానీ' అన్నా వస్తుందేమోనని చూశాను. రాలేదు. అమ్మ లేచి గరిటెడు పిండి తీసి పెనం మీద రెండో దోశ పోసింది. అది కాలి అంచు లేవగానే నాయన మెల్లగా తన ప్లేటు మళ్లీ ముందుకు జరిపాడు.

"ఉండు," అంది అమ్మ, దోశ తన ప్లేట్లోకి తీసుకుంటూ. "ఇంకోటి తినాల."